చలికాలంలో... ఇంట్లోకి సముద్రం!

డిసెంబరు వచ్చిందంటే సాయంత్రం ఆరింటికే తలుపులు మూసేస్తాం. మఫ్లర్లు, స్వెట్టర్లు, దుప్పట్లు బయటికొస్తాయి. పిల్లలు టీవీ ముందు, పెద్దవాళ్లు మంచం మీద, అమ్మ వంటింట్లో... ఎవరి మూల వారిది. అలాంటి ఓ ఆదివారం చుట్టాలనీ ఇరుగుపొరుగునీ పిలిచి, హాల్లోనే సముద్రతీరాన్ని సృష్టిస్తే ఎలా ఉంటుంది? చలిదేశాల వాళ్లకు బాగా అలవాటైన సరదా ఇది. కావాల్సిన సామాను చాలావరకు మన ఇళ్లలోనే ఉంది. దాని వెనక ఓ రాజుగారి భోజనం కథ కూడా ఉంది!

జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని కాటారాన్నే తీసుకోండి. భూపాలపల్లి నుంచి కాళేశ్వరం వెళ్లే దారిలో, అడవుల నడుమ ఉన్న మండల కేంద్రం. గోదావరి దగ్గరే. సముద్రం మాత్రం చాలా దూరం. అసలు తెలంగాణలో 33 జిల్లాలుంటే ఒక్కదానికీ సముద్రతీరం లేదు. బాపట్ల దగ్గరి సూర్యలంకకో, విశాఖపట్నానికో వెళ్లాలంటే రాత్రంతా ప్రయాణం. సెలవులు కలిసిరావాలి, డబ్బు సర్దుబాటు కావాలి, మోకాళ్ల నొప్పులున్న నానమ్మని ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. 'ఈసారి కాదు, వచ్చే వేసవిలో చూద్దాంలే' అనుకుంటుండగానే పిల్లలు పెద్దవాళ్లయిపోతారు. సముద్రాన్ని టీవీలో తప్ప చూడని పిల్లలూ, ఒక్కసారి కూడా చూడని అవ్వలూ ఇలాంటి ఊళ్లలో కనిపించడం వింతేమీ కాదు.

'సముద్రం లేకపోతేనేం, గోదావరి ఒడ్డున ఇసుక ఉందిగా' అనొచ్చు. ఉంది. కానీ పొద్దు వాలాక ఆ ఒడ్డున వీచే గాలికి పసిపిల్లలూ ముసలివాళ్లూ తట్టుకోలేరు. నీటిలోతు పైకి కనిపించదు. 2025 జూన్‌లో మేడిగడ్డ బ్యారేజీ దగ్గర స్నానానికి దిగిన యువకులు ప్రాణాలు పోగొట్టుకున్న సంగతి ఈ ప్రాంతం ఇంకా మరిచిపోలేదు. కాబట్టి చలికాలం సాయంత్రం, అన్ని వయసులవాళ్లూ కలిసి ఆడిపాడాలంటే ఇల్లే మేలు.

హొనొలులు కన్నా మనమే దక్షిణాన!

ఇలాంటి పార్టీలకు పాశ్చాత్య దేశాల్లో 'ట్రాపికల్ బీచ్ పార్టీ' అని పేరు. ట్రాపికల్ అంటే ఉష్ణమండలానికి చెందినది. కర్కాటక రేఖకూ మకర రేఖకూ మధ్య ఉన్న నేలంతా ఉష్ణమండలమే. పటం తీసి చూడండి. హవాయి దీవుల్లోని హొనొలులు నగరం భూమధ్యరేఖకు ఉత్తరాన 21 డిగ్రీలు దాటాక ఉంటుంది. మన కాటారం 18, 19 డిగ్రీల మధ్యే ఉంది. అంటే భూమధ్యరేఖకు హవాయి కన్నా మనమే దగ్గర. మనం ఉష్ణమండలాన్ని అరువు తెచ్చుకోవాల్సిన పనిలేదు, అందులోనే పుట్టాం!

మరి హవాయిలో డిసెంబరులోనూ పలచటి చొక్కాతో తిరుగుతుంటే, ఇక్కడ మనకీ వణుకెందుకు? కారణం సముద్రమే. నీరు నెమ్మదిగా వేడెక్కుతుంది, నెమ్మదిగా చల్లారుతుంది. ఒక కిలో పొడి ఇసుకను ఒక డిగ్రీ వేడెక్కించడానికి పట్టే శక్తికి సుమారు ఐదు రెట్లు కావాలి, అదే ఒక కిలో నీటికి. పగలంతా దాచుకున్న వేడిని సముద్రం రాత్రిపూట తీరానికి పంచుతుంది. సముద్రానికి దూరంగా ఉన్న నేలకు ఆ దన్ను లేదు. చలికాలం ఆకాశం నిర్మలంగా ఉంటుంది కాబట్టి, పొద్దుగూకగానే నేలలోని వేడి సరసరా పైకి వెళ్లిపోతుంది. మనకు చలిపెట్టడానికి కారణం సముద్రం దూరం కావడమే అయితే, దాన్ని ఓ పూట ఇంటికి పిలవడం న్యాయమే కదా!

ఈ ఆలోచన మనకన్నా ముందు చలిదేశాలకు వచ్చింది. అమెరికాలో 1930ల్లో హాలీవుడ్‌లో పసిఫిక్ దీవుల అలంకరణతో హోటళ్లు మొదలయ్యాయి. రెండో ప్రపంచయుద్ధంలో ఆ దీవుల్లో పనిచేసి వచ్చిన సైనికులు, 1959లో అమెరికా రాష్ట్రంగా మారిన హవాయి... ఇవన్నీ కలిసి ఆ మోజుని ఇళ్లదాకా తెచ్చాయి. జపాన్‌లోని మియజాకిలో 1993లో కప్పు కింద ఏకంగా కృత్రిమ సముద్రాన్నే కట్టారు. 'ఓషన్ డోమ్' అనే ఆ విడ్డూరం 2007లో మూతపడింది. జర్మనీలో బెర్లిన్‌కు దక్షిణాన, ఆకాశనౌకల కోసం కట్టిన ఓ పెద్ద షెడ్డును 2004 డిసెంబరులో 'ట్రాపికల్ ఐలాండ్స్'గా మార్చారు. 360 మీటర్ల పొడవు, 107 మీటర్ల ఎత్తు ఉండే ఆ షెడ్డులో ఇసుక తీరం, తాటిజాతి చెట్లు, కొలనులు ఉన్నాయి. బయట మంచు కురుస్తున్నా లోపల 26 డిగ్రీలకు తగ్గనివ్వకుండా చూస్తారు. దానికయ్యే ఖర్చు ఊహించుకోవచ్చు.

మనకు అంత హంగామా అక్కర్లేదు. ఒక హాలు, ఇరవై మంది మనుషులు చాలు.

చేమాకు పేరు పెట్టుకున్న విందు

హవాయిలో ఆటపాటలతో సాగే సామూహిక విందును 'లువావ్' అంటారు. ఈ పార్టీలన్నిటికీ మూలం అదే. లువావ్ అంటే ఏమిటో తెలుసా? చేమాకు! అవును, మనం పులుసు పెట్టుకునే చేమకూరే. ఆ ఆకును కొబ్బరిపాలతో ఉడికించిన వంటకం విందులో తప్పనిసరి కావడంతో విందుకే ఆ పేరు స్థిరపడింది. 1856 నాటికే అక్కడి వార్తాపత్రికలో ఆ పేరు అచ్చయింది.

అంతకుముందు హవాయిలో ఓ కఠినమైన కట్టుబాటు ఉండేది. ఆడా మగా కలిసి భోంచేయకూడదు. పంది మాంసం, కొబ్బరి, చాలా రకాల అరటిపళ్లు ఆడవాళ్లు ముట్టకూడదు. తప్పితే శిక్ష మరణమే కావొచ్చు. రాణులకైనా మినహాయింపు లేదు. దీవులన్నిటినీ ఒక్కటి చేసిన రాజు మొదటి కామెహమెహా 1819 మేలో కన్నుమూశాడు. కొడుకు లిహోలిహో గద్దెనెక్కాడు. చనిపోయిన రాజు భార్యల్లో ఒకరైన కాహుమాను, లిహోలిహో కన్నతల్లి... ఇద్దరూ ఆ కట్టుబాటు పోవాల్సిందేనని పట్టుబట్టారు. ఆ ఏడాది నవంబరులో జరిగిన విందులో కొత్త రాజు లేచి, ఆడవాళ్లు కూర్చున్న చోటికి నడిచి, వాళ్లతో కలిసి భోంచేశాడు. అంతే. వందల ఏళ్ల నిషేధం ఆ ఒక్క భోజనంతో కూలింది. దాన్ని ఒప్పుకోని వర్గంతో డిసెంబరులో యుద్ధమే జరిగింది. రాజు పక్షమే గెలిచింది.

అంటే మగవాళ్లూ ఆడవాళ్లూ ఒకే చోట కూర్చుని తినే ఇప్పటి లువావ్‌కు దారి వేసింది ఆ భోజనమే. రంగుల కాగితాలూ ప్లాస్టిక్ కొబ్బరిచెట్లూ ఆ తర్వాత ఎప్పుడో వచ్చి చేరిన అలంకారాలు. మన పార్టీకి ప్లాన్ వేసుకునేటప్పుడు ఈ కథను గుర్తు పెట్టుకుంటే చాలు. ఏం వండాలో, ఎలా వడ్డించాలో, ఎవరెక్కడ కూర్చోవాలో అన్నీ వాటంతటవే తేలిపోతాయి.

నేల మీద గోదావరి

ముందు హాలు ఖాళీ చేయండి. సోఫాలు, కుర్చీలు గోడవారకు జరపండి. కింద కూర్చోలేని పెద్దవాళ్లకు రెండు మూడు కుర్చీలు ఉంచండి. నేలంతా చాపలు, వాటి మీద జంపఖానాలు పరిస్తే ఇసుక రంగు వచ్చేస్తుంది, కింది నుంచి చలీ రాదు.

ఇప్పుడు బీరువా తెరిచి నీలం, ఆకుపచ్చ రంగు పాత చీరలు నాలుగైదు బయటికి తీయండి. గుమ్మం దగ్గర మొదలుపెట్టి ఎదుటి గోడదాకా నదిలా వంపులు తిరుగుతూ పరచండి. అదే గోదావరి! పిల్లల చేత అట్టముక్కల మీద ఊళ్ల పేర్లు రాయించి ఒడ్డున వరసగా నిలబెట్టించండి. త్య్రంబకం, నాందేడ్, బాసర, ధర్మపురి, మంథని, కాళేశ్వరం, భద్రాచలం, రాజమహేంద్రవరం, అంతర్వేది. కాళేశ్వరం దగ్గర ఇంకో చీర పక్కనుంచి వచ్చి కలవాలి. అది ప్రాణహిత. అంతర్వేది దాటాక గోడ నిండా నీలిరంగు దుప్పటి. అదే బంగాళాఖాతం.

ఇది అలంకరణే కాదు, పిల్లలకు ఓ పాఠం కూడా. గోదావరి పొడవు 1,465 కిలోమీటర్లు. కాళేశ్వరంలో మనం కాళ్లు కడుక్కున్న నీళ్లే చివరికి వెళ్లి సముద్రంలో కలుస్తాయి. సముద్రాన్ని చూడలేదని బెంగపడే పిల్లాడికి 'నువ్వు సముద్రాన్ని చూడలేదు గానీ, సముద్రానికి వెళ్లే నీళ్లలో ఆడుకున్నావురా' అని చెప్పి చూడండి. ఆ మొహం ఎలా వెలిగిపోతుందో!

ఇసుక సంగతి. కాటారం పిల్లలకు ఇసుక లారీలు కొత్త కాదు. అందుకని నది నుంచి బస్తాలకొద్దీ ఇసుక తెచ్చి హాల్లో పోసేరు సుమా! దుమ్ము లేచి ఉబ్బసం ఉన్నవాళ్లకు ఊపిరాడదు, కడిగితే తూములు పూడుకుపోతాయి. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన ఇసుక ఓ తట్టెడు ఉంటే కడిగి, రెండ్రోజులు ఎండబెట్టి, వెడల్పాటి టబ్బులో పోసి వరండాలో పెట్టండి. కింద పాత పరదా పట్టా వేయండి. పిచ్చుకగూళ్లు కట్టుకోవడానికి పిల్లలకు అది చాలు.

పూలకు కొదవలేదు. చలికాలం బంతి, చామంతి విరగబూసే కాలం. హవాయిలో అతిథి మెడలో వేసే పూలదండను 'లేయి' అంటారు. 1928 నుంచి ఏటా మే 1న దానికోసం ఓ పండగే చేసుకుంటున్నారు. మన ఇంట్లో ఆ పని పిల్లలకు అప్పగించండి. గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్లందరికీ ఓ బంతిపూల దండ. తాతయ్య మొదలు పక్కింటి బుడ్డోడి దాకా అందరూ ఆ పూట పెద్దమనుషులే.

చేటలో అలల చప్పుడు

డిసెంబరులో ఆరు కాకముందే పొద్దుగూకుతుంది. కాబట్టి పార్టీ నాలుగున్నరకు మొదలవ్వాలి. పడమటి వైపు కిటికీ ఉందా? దానికి నారింజరంగు పలచటి చీరను పరదాలా కట్టండి. అయిదింటి ఎండ దానిలోంచి పడితే హాలంతా సముద్రం మీది సాయంత్రంలా మారుతుంది. ఆ అరగంటే ఫొటోలకు మంచి సమయం. చీకటి పడ్డాక దీపావళికి కొన్న సీరియల్ బల్బులు, పసుపురంగు కాంతినిచ్చే బల్బులు సరిపోతాయి. బల్బుల మీద మాత్రం గుడ్డగానీ కాగితంగానీ కప్పకండి. వేడికి అంటుకునే ప్రమాదం ఉంది.

ఇక అలల చప్పుడు. సెల్‌ఫోన్‌లో దొరుకుతుంది, నిజమే. దానికన్నా సరదా అయినది వంటింట్లో ఉంది. చేటలో గుప్పెడు కందులు వేసి నెమ్మదిగా అటు వంచండి, ఇటు వంచండి. 'సుర్ర్...' మంటూ అల వచ్చి వెనక్కి వెళ్లినట్టే ఉంటుంది. నాలుగు చేటలు నలుగురు అవ్వల చేతికిచ్చి, పిల్లలను కళ్లు మూసుకోమనండి. సముద్రం హాల్లోకి వచ్చేస్తుంది. చేట వంచడంలో అవ్వలను మించినవాళ్లెవరు?

కుంపటి వద్దే వద్దు

ఇప్పుడు అసలు ప్రశ్న. చలి సంగతేంటి? కొందరు తలుపులూ కిటికీలూ బిగించి హాలు మధ్యలో బొగ్గుల కుంపటి పెడతారు. దయచేసి ఆ పని చేయకండి. మూసిన గదిలో బొగ్గులు, కట్టెలు మండితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, మత్తు, వికారం... నిద్రొస్తోందనుకుని పడుకున్నవాళ్లు లేవకపోవచ్చు. చలిమంట వేసుకోవాలనుంటే ఆరుబయటే. దాన్ని లోపలికి తేకూడదు.

మరి గది వెచ్చబడేదెలా? మనుషులతోనే! ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి సుమారు వంద వాట్ల వేడి బయటికి వస్తూ ఉంటుంది. ఇరవై మంది కూర్చుంటే రెండు వేల వాట్ల హీటర్ వెలిగించినట్టే లెక్క. కరెంటు బిల్లు లేదు, పొగ లేదు. కింద చాపలు, గుమ్మానికి పరదా, గాలి మారడానికి ఓ కిటికీ రెక్క కాస్త తెరిచి ఉంచితే చాలు. ఇంకా చల్లగా అనిపిస్తే ఓ ఆట ఆడించండి. హాలు ఇట్టే వేడెక్కుతుంది.

ఎంత వేడెక్కిందో చూడటానికి థర్మామీటరు ఎందుకు? కొబ్బరినూనె సీసా ఒకటి అరలో పెట్టండి. గది సుమారు 24 డిగ్రీలకన్నా కిందికి దిగితే నూనె గడ్డకడుతుంది. పార్టీ మొదట్లో గడ్డకట్టిన నూనె, పార్టీ చివరికి అంచుల వెంట కరగడం మొదలైందా... మీ పార్టీ జర్మనీవాళ్ల షెడ్డుకి దగ్గరపడినట్టే! పిల్లలకు అదో పందెం.

ఆకులో చుట్టి, ఆవిరి పట్టి

వంటల దగ్గర ఒక్కటే సూత్రం. పార్టీ మొదలయ్యాక ఎవరూ వంటింట్లో ఉండకూడదు. వేడివేడిగా పూరీలు వేసే పనీ, బజ్జీలు తీసే పనీ పెట్టుకుంటే ఓ మనిషి స్టవ్ దగ్గరే చిక్కుకుపోతుంది. ఆ మనిషి ఎవరో వేరే చెప్పాలా? అందుకే అన్నీ ముందే వండి పెట్టుకునేవి, చల్లారినా రుచి చెడనివి ఎంచుకోండి.

చిలగడదుంపలు: మన దగ్గర రత్నపురిగడ్డలు, మోరంగడ్డలు అంటారు. హవాయి విందులోనూ ఇవి ఉంటాయి. చలికాలంలో బాగా దొరుకుతాయి. ఆవిరి మీద ఉడికించి, ముక్కలు కోసి, పైన కొబ్బరికోరు, ఇంత బెల్లం తురుము.

అరటాకు చేపలు: హవాయిలో చేపనో మాంసాన్నో ఆకుల్లో చుట్టి వండుతారు. మనకు అరటాకు ఉంది. కొర్రమీనో రవ్వ చేపో ముక్కలు చేసి ఉప్పు, పసుపు, అల్లంవెల్లుల్లి, పచ్చిమిర్చి, పచ్చికొబ్బరి కలిపి రుబ్బిన ముద్ద పట్టించండి. అరటాకును సెగ మీద చూపిస్తే మెత్తబడి చినగకుండా మడతపడుతుంది. ముక్కను అందులో చుట్టి, దారంతో కట్టి, ఇడ్లీపాత్రలో ఇరవై నిమిషాలు ఆవిరి పట్టండి. శాకాహారులకు ఇదే ముద్దతో ఉడికించిన అరటికాయ ముక్కలు. ఎవరి పొట్లం వారిదే కాబట్టి వడ్డించే పనీ తగ్గుతుంది.

చేమాకు పప్పు: విందుకు పేరిచ్చిన ఆకును మరిచిపోతామా! అయితే చేమాకు సరిగ్గా ఉడక్కపోతే గొంతు గీరుతుంది. అందులో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. బాగా మెత్తగా ఉడికించి, చింతపండు పులుసు పోయాలి. మన పెద్దవాళ్లు చేసేదీ అదే.

పులిహోర: పొద్దున కలిపితే సాయంత్రానికి ఇంకా రుచి. ఫ్రైడ్‌రైస్‌తో పనేముంది?

కొబ్బరిపాల బిళ్లలు: హవాయివాళ్లు 'హౌపియా' అంటారు. రెండు కప్పుల చిక్కటి కొబ్బరిపాలు, అరకప్పు చక్కెర, ఆరు చెంచాల మొక్కజొన్న పిండి, చిటికెడు ఉప్పు. ఉండలు కట్టకుండా కలిపి సన్నసెగ మీద గరిటె ఆపకుండా తిప్పండి. గట్టిపడ్డాక నెయ్యి రాసిన పళ్లెంలో పోసి, చల్లారాక బిళ్లలు కోయండి. చలికాలం కదా, ఫ్రిజ్ లేకపోయినా గడ్డకడుతుంది.

బెల్లం గవ్వలు: సముద్రం పేరు చెప్పుకుని తినడానికి ఇంతకన్నా మంచి మిఠాయి ఉందా? ముందురోజు పిల్లలను కూర్చోబెట్టి గవ్వలపీట మీద వాళ్ల చేతే ఒత్తించండి. వంకరటింకరగా వచ్చినా పర్వాలేదు. సముద్రంలో మాత్రం అన్ని గవ్వలూ ఒకేలా ఉంటాయా ఏంటి!

ఐసు వేసిన కూల్‌డ్రింకులు ఈ కాలానికి పనికిరావు. వాటి బదులు వేడివేడి అనాసపండు చారు గ్లాసుల్లో పోసివ్వండి. అల్లం, నిమ్మరసం, బెల్లం వేసిన వేడినీళ్లు ఫ్లాస్కులో ఉంచండి. మామిడిపళ్లు దొరకవు గానీ మామిడితాండ్ర ఉందిగా. ఎండాకాలాన్ని ఎండబెట్టి దాచుకున్నదే అది. జామపళ్లు, బొప్పాయి, రేగుపళ్లు ఎటూ ఉంటాయి. ప్లాస్టిక్ కప్పులూ థర్మోకోల్ పళ్లేలూ కొనకండి. విస్తరాకులు, స్టీలు గ్లాసులు ఉన్న ఇంట్లో వాటికి చోటెందుకు?

గవ్వలు వచ్చింది ఎక్కణ్నుంచి?

తిన్నది అరగాలంటే ఆటలుండాలి. 'లింబో' అందరికీ తెలిసిందే. ఇద్దరు కర్ర పట్టుకుంటారు, మిగతావాళ్లు వెనక్కి వంగి దాని కిందనుంచి దాటాలి. ఈ ఆట పుట్టింది కరీబియన్ దీవి ట్రినిడాడ్‌లో. చనిపోయినవాళ్ల ఇంట్లో జాగరణ చేసేటప్పుడు ఆడేవారు. దుఃఖంలో ఉన్నవాళ్లను నలుగురూ కలిసి ఊరడించే దారి అది. నడుంనొప్పి ఉన్న బాబాయిలకు మాత్రం ముందే మినహాయింపు ఇచ్చేయండి. కొబ్బరిచిప్పలకు తాళ్లు కట్టి వాటి మీద నడిచే పందెం, సముద్రం, నది, అల, పడవ అనే మాటలున్న పాటలతో అంత్యాక్షరి... వీటికి వయసుతో పనిలేదు.

ఆడించాల్సిన ఆట ఇంకోటి ఉంది. అష్టాచెమ్మా. అవ్వల పెట్టెలోంచి గవ్వలు బయటికి తీయించండి. అవి వేసేముందు పిల్లలనో ప్రశ్న అడగండి. 'ఈ గవ్వలు ఏ అడవిలో పుట్టాయి?' అడవిలో కాదు, సముద్రంలో. ఒకప్పుడు మాల్దీవుల నుంచి ఓడల్లో వచ్చిన గవ్వలు మన దేశంలో డబ్బుగా చలామణి అయ్యాయి. చేతులు మారుతూ అంగళ్లకు, అక్కణ్నుంచి ఇళ్లకు వచ్చాయి. పూజగదిలో శంఖం, ఉంగరంలో పగడం, వంటింట్లో ఉప్పుడబ్బా... సముద్రం మన ఇంట్లో ఎప్పటినుంచో ఉంది. రోజూ పప్పులో వేసుకుంటూ కూడా గుర్తుపట్టలేదంతే.

ఈ ఒక్క వేషం మాత్రం...

ఇలాంటి పార్టీల్లో చాలామంది ఆడపిల్లలకు ప్లాస్టిక్ గడ్డి పావడాలు కట్టి 'హులా' అంటూ నడుములు తిప్పిస్తారు. బజారులో ఆ సామాను దొరుకుతుంది కూడా. కొనేముందు ఒక్కమాట. హులా అంటే హవాయి ప్రజలకు తమ దేవతల కథలను, వంశాల చరిత్రను మంత్రాలతో చెప్పుకునే నృత్యం. 1830లో దాన్ని బహిరంగంగా ఆడకూడదని నిషేధించారు. 1883లో రాజు కలాకావా తన పట్టాభిషేకోత్సవంలో మళ్లీ సగౌరవంగా ఆడించాడు.

ఇలాంటి కథ మనకూ ఉంది, అదీ కాటారానికి దూరం కాని చోట. మరుగున పడిపోయిన పేరిణి నృత్యాన్ని నటరాజ రామకృష్ణ జాయపసేనాని 'నృత్తరత్నావళి' ఆధారంగా, పాలంపేట రామప్ప గుడి శిల్పాలను చూస్తూ తిరిగి నిలబెట్టారు. ఆ గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. ఏదో దేశంలో ఎవరో ప్లాస్టిక్ సామానుతో పేరిణి వేషం కట్టి నవ్వులాటగా గెంతితే మనకెలా ఉంటుంది? వాళ్లకూ అంతే. డ్యాన్స్ చేయాలనుంటే మన కోలాటం ఉంది. రంగురంగుల పూల చొక్కాలు, నూలు చీరలు కట్టుకుని కోలలు పట్టండి. చలి పారిపోకపోతే అడగండి.

ఎప్పుడేం చేయాలంటే...

వారం ముందు: పిలుపులు. 'స్వెట్టర్ లోపల పూల చొక్కా' అని చెప్పేస్తే డ్రెస్ కోడ్ తేలిపోతుంది.

శుక్రవారం: ఇసుక కడిగి ఎండబెట్టడం, చీరలు, బల్బులు బయటికి తీయడం.

శనివారం: గవ్వలు, కొబ్బరిపాల బిళ్లలు. పిల్లలతో ఊళ్ల పేర్ల అట్టలు.

ఆదివారం ఉదయం: పులిహోర, చేమాకు పప్పు. ఆకు పొట్లాలు కట్టడం మగవాళ్ల వంతు.

మధ్యాహ్నం: హాలు సర్దడం, దండలు గుచ్చడం. మూడున్నరకు పొట్లాలు ఆవిరికి ఎక్కించడం.

నాలుగున్నర: స్టవ్ కట్టేసి అందరూ హాల్లోకి.

ఒకే బంతి

చివరిగా భోజనాలు. మన ఇళ్లలో వేడుకలు ఎలా జరుగుతాయో తెలిసిందే. మొదటి బంతిలో మగవాళ్లూ పిల్లలూ. రెండో బంతిలో చుట్టాలు. ఆడవాళ్ల వంతు వచ్చేసరికి అన్నం చల్లారిపోతుంది, చేపముక్కలు తోకలే మిగులుతాయి. 'నాకు ఆకలిగా లేదులే' అన్న మాట ఎన్ని ఇళ్లలో వినపడదు? ఎవరూ కావాలని చేసింది కాదు. కట్టుబాటు అని పేరు కూడా లేదు. అలవాటైపోయిందంతే.

ఈ పార్టీలో ఆ పప్పులుడకవు. నది మీద నుంచి చీరలు తీసేసి, హాలు మధ్యలో పొడవాటి శుభ్రమైన గుడ్డ పరిచి, దాని మీద వరసగా అరటాకులు వేయండి. పులిహోర గిన్నె, పొట్లాల బుట్ట, పప్పు గిన్నె, బిళ్లల పళ్లెం అన్నీ చేతికందే దూరంలో రెండుచోట్ల పెట్టండి. ఎవరికి కావాల్సింది వాళ్లే వడ్డించుకుంటారు, పక్కవాళ్లకు అందిస్తారు. ఆ తర్వాత ఇంటిపెద్ద చేయాల్సిన పని ఒకటుంది. వంటింటి గుమ్మంలో నిలబడి 'మీరు కానివ్వండి, నేను తర్వాత...' అంటున్న అమ్మనీ, అత్తమ్మనీ, వదిననీ చేయిపట్టి తీసుకొచ్చి వరస మధ్యలో కూర్చోబెట్టాలి. వాళ్లు కూర్చున్నాకే మిగతావాళ్లు చేయి పెట్టాలి.

రెండు వందల ఏళ్ల కిందట పసిఫిక్ మహాసముద్రం మధ్యలో ఓ రాజు చేసింది ఇంతే. లేచి నాలుగడుగులు నడిచి ఆడవాళ్ల పక్కన కూర్చున్నాడు. ఆయనకు యుద్ధం చేయాల్సి వచ్చింది. మనకు ఆ బాధ లేదు, కాస్త జరిగి చోటిస్తే చాలు.

తినడం అయ్యాక ఆకులు తీసే పని అందరిదీ. తర్వాత వేడివేడి అల్లం నీళ్లు. అమెరికాలోనో కెనడాలోనో మంచులో ఉన్న మన పిల్లలకు ఓ వీడియోకాల్. అవ్వలు మరోసారి చేటలు వంచుతారు. ఇక వెళ్లి అరలో ఉన్న కొబ్బరినూనె సీసా చూడండి... కరిగిందా?